గిన్నె జోలికి వెళ్తే గుర్రుమనే కుక్కపిల్లను మార్చడం ఎలా?

కుక్కపిల్ల గిన్నెలో మూతి పెట్టి తింటూ ఉంటుంది. మీరు పక్క నుంచి నడిచి వెళ్తారు. ఊగుతున్న తోక ఆగిపోతుంది. గబగబా మింగడం మొదలుపెడుతుంది. ఇంకో అడుగు వేసేసరికి గొంతులోంచి సన్నగా గుర్రు వినిపిస్తుంది. ఇది చూసి కొందరు "ఇంత లేదు, దీనికి ఎంత కోపమో" అని ముచ్చటపడి ఊరుకుంటారు. ఇంకొందరు "ఇప్పుడే అణచకపోతే రేపు నెత్తికెక్కుతుంది" అని గిన్నె లాగేసుకుంటారు. ఊరుకుంటే అలవాటు ముదురుతుంది. లాక్కుంటే ఇంకా త్వరగా ముదురుతుంది.

మనిషి దగ్గరికి వస్తే తన నోటికాడి కూడు పోతుందని ఆ పిల్ల అనుకుంటోంది. మనిషి వస్తే ఉన్నది అలాగే ఉండి, అంతకంటే మంచిది ఇంకోటి వస్తుందని దానికి మళ్లీ మళ్లీ అనుభవంలో చూపించాలి. కింద చెప్పే మెట్లన్నీ ఈ ఒక్క పని కోసమే. ఏ మెట్టు దగ్గరైనా సందేహం వస్తే, "నేను ఇప్పుడు చేస్తున్నది చూసి ఇది ఏం నేర్చుకుంటుంది, చెయ్యి వస్తే పోతుందనా, వస్తుందనా?" అని మిమ్మల్ని మీరే అడగండి. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇది పొగరు కాదు

తనకు విలువైనదాన్ని కాపాడుకోవడం కుక్కలన్నింటిలో ఎంతో కొంత ఉండే స్వభావమే. తోబుట్టువులంతా ఒకే పళ్లెం చుట్టూ చేరి తిన్న రోజుల్లో, ఆలస్యమైతే తనకు మిగలదని కొన్ని పిల్లలు నేర్చుకుని వస్తాయి. కొన్నింటికి పుట్టుకతోనే ఈ గుణం కాస్త ఎక్కువ. మీరు పెంచిన తీరులో తప్పుందనో, పిల్ల చెడ్డదనో దీనికి అర్థం కాదు.

"ఇంట్లో పెద్ద ఎవరో దానికి చూపించాలి" అన్న మాట మాత్రం మనసులోంచి తీసేయండి. ఈ ఆలోచనకు మూలం రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త బంధించి ఉంచిన తోడేళ్లను చూసి, అవి పెత్తనం కోసం పోటీపడతాయని 1947లో రాసిన పరిశీలన. కుక్కలూ అంతేనని జనం అనుకున్నారు. అడవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించిన డేవిడ్ మీచ్, తోడేళ్ల గుంపు అంటే చాలావరకు తల్లీతండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని, పెత్తనం కోసం నిత్యం కొట్లాడుకునే మంద కాదని 1999లో వివరించాడు. అయినా పాత మాట ఇంకా ఇళ్లలో తిరుగుతూనే ఉంది. దాని పేరున ఎన్నో కుక్కపిల్లలు దెబ్బలు తింటున్నాయి. నాకు బాధ కలిగించే సంగతి ఇదే.

గుర్రు కంటే ముందు వచ్చేవి చూడండి

గుర్రు దాకా వచ్చిందంటే ఆ పిల్ల అప్పటికే మూడు నాలుగు సార్లు చెప్పి చూసిందన్నమాట. మనమే గమనించం. ఒక పూట ఏమీ చేయకుండా దూరంగా కూర్చుని, అది తినేటప్పుడు చూడండి. ఎవరైనా గదిలోకి వస్తే తినే వేగం పెరుగుతోందా? తల గిన్నెలో ఇంకా కిందికి దిగి, భుజాలు గిన్నెను కప్పేస్తున్నాయా? ఒళ్లు తిప్పి మీకు అడ్డంగా నిలబడుతోందా?

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది, అది రెప్పపాటులో అయిపోతుంది. నమలడం హఠాత్తుగా ఆగుతుంది. మూతి గిన్నెలోనే ఉంటుంది, తల కదలదు, కన్ను మాత్రం పక్కకు తిరిగి మీవైపు చూస్తుంది. ఆ కంటి మూలలో తెల్లగుడ్డు నెలవంకలా కనబడుతుంది. చెవులు వెనక్కి వెళ్తాయి, మూతి బిగుసుకుంటుంది. ఆ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. అది చూశారంటే అక్కడే ఆగి, నెమ్మదిగా వెనక్కి తగ్గండి. దాన్ని దాటి ముందుకెళ్తే పై పెదవి లేస్తుంది, తర్వాత గుర్రు, తర్వాత గాలిలో కొరకడం, ఆ తర్వాతే నిజమైన కాటు. ప్రతి పిల్లా అన్ని మెట్లూ వరసగా చూపిస్తుందన్న హామీ లేదు.

గుర్రుమన్నందుకు మాత్రం ఎప్పుడూ కొట్టకండి, అరవకండి. గుర్రు ఒక హెచ్చరిక. దెబ్బ పడితే పిల్ల గుర్రుమనడం మానేస్తుంది, లోపలి భయం మాత్రం అలాగే ఉంటుంది, పైగా పెరుగుతుంది. అలా పెరిగిన కుక్కే తర్వాత "ఏ సూచనా లేకుండా కరిచింది" అనిపించుకుంటుంది.

ఈ రోజు నుంచే ఆపేయాల్సినవి

నేర్పడం మొదలుపెట్టేలోపు, పిల్ల గుర్రుమనే సందర్భాలు రాకుండా చూసుకోవాలి. ఒకసారి గుర్రుమని, మనిషి వెనక్కి వెళ్లిపోతే ఆ పద్ధతి పనిచేస్తుందని అది నేర్చుకుంటుంది. అందుకని గిన్నెను దారిలో పెట్టకండి. జనం తిరగని మూలలోనో, తలుపు వేయగలిగిన గదిలోనో పెట్టండి. ఎముకలాంటి, ఎక్కువసేపు నమిలే వస్తువులను అడ్డగేటు వెనకో, దాని బోనులోనో ఇవ్వండి. మేజోళ్లు, చెప్పులు, పిల్లల బొమ్మలు దానికి అందని ఎత్తులో ఉంచండి.

తింటుండగా గిన్నెలో చెయ్యి పెట్టి కలపడం, మధ్యలో గిన్నె తీసేసి మళ్లీ పెట్టడం, తోకో చెవో లాగి "అలవాటు చేయడం" లాంటివి కొందరు శిక్షణ పేరుతో చేయిస్తుంటారు. ఈ సలహా నాకు అస్సలు నచ్చదు. ఏ గొడవా లేని పిల్లకు కూడా లేని అనుమానం పుట్టించే పద్ధతి ఇది. చెయ్యి వచ్చిన ప్రతిసారీ తిండి పోతోందనో, తినే సుఖం పోతోందనో అది నేర్చుకుంటుంది. మనకు కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకమైన పాఠం.

కడుపు సంగతీ చూసుకోండి. రెండు మూడు నెలల పిల్లకు రోజుకు 3 లేదా 4 సార్లు తిండి కావాలి. ఆకలితో ఉన్న పిల్ల, నిద్ర చాలక చిరచిరలాడే పిల్ల, కడుపులో పురుగులున్న పిల్ల తిండి మీద ఎక్కువ ఆత్రం చూపిస్తాయి. పురుగుల మందు, బరువు, రోజుకు ఎంత పెట్టాలి అన్నవి పశువైద్యుడితో ఒకసారి సరిచూసుకుంటే సగం ఆత్రం అక్కడే తగ్గే పిల్లలున్నాయి. నిన్నటిదాకా బాగానే ఉండి హఠాత్తుగా మొదలైతే మాత్రం ముందు వైద్యుడి దగ్గరికే వెళ్లండి. ఒంట్లో ఎక్కడైనా నొప్పి ఉండొచ్చు. స్టెరాయిడ్ మందులు వాడుతుంటే ఆకలి బాగా పెరుగుతుంది, ఆ సంగతి కూడా చెప్పండి.

గిన్నె దగ్గర నేర్పే పద్ధతి

రోజూ తినే మామూలు తిండి గిన్నెలో ఉండాలి. మీ చేతిలో ఉండేది అంతకంటే చాలా రుచిగా ఉండాలి. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ ముక్కలు చాలా పిల్లలకు పనిచేస్తాయి. బఠాణీ గింజంత చేసుకోండి, అంతకంటే పెద్దవి అక్కర్లేదు. రోజు మొత్తం తిండిలో ఈ అదనపు ముక్కలు పదో వంతు దాటకుండా చూసుకుని, ఆ మేరకు గిన్నెలో తగ్గించండి. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి) కలిసిన పదార్థాలు కుక్కలకు విషం. వండిన ఎముకలు చీలి గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటాయి. ఇవేవీ వాడకండి.

మొదట దూరం తేల్చుకోండి. మీరు ఎంత దూరంలో నిలబడితే పిల్ల ఒళ్లు వదులుగా పెట్టి మామూలు వేగంతోనే తింటుందో అదే మీ మొదటి గీత. అది 6 అడుగులు కావచ్చు, గుమ్మం అవతల కావచ్చు. ఎంతైనా సరే, మీ పిల్ల చెప్పిందే లెక్క.

1. ఆ గీత దాకా నడిచి రండి. ఆగండి. ఒక ముక్కను గిన్నె దగ్గర పడేలా విసరండి. వెంటనే తిరిగి వెళ్లిపోండి. మాట్లాడక్కర్లేదు, వంగక్కర్లేదు. మళ్లీ కాసేపటికి అదే చేయండి. ఒక పూట భోజనంలో 5, 6 సార్లు చాలు.

ఇక్కడ రెండు విషయాలు గట్టిగా గుర్తుంచుకోండి. మీరు రావడం ముందు, ముక్క పడటం తర్వాత. ముక్క ముందు చూపించి దాని చాటున దగ్గరికి వస్తే, ముక్క కనబడటమే మోసానికి సూచన అని తెలివైన పిల్ల పట్టేస్తుంది. రెండోది, ముక్క వేశాక వెళ్లిపోవడం. మీరు వెళ్లిపోవడం కూడా దానికి ఊరటే, పైగా మళ్లీ వస్తే బాగుండునన్న ఆశ పుట్టేది అందులోంచే.

2. ఇప్పుడు ఎదురుచూడండి. మీరు గీత దగ్గరికి వచ్చేసరికి పిల్ల గిన్నెలోంచి తల ఎత్తి, కళ్లు మెత్తగా పెట్టి, తోక వదులుగా ఊపుతూ "ముక్క ఏది?" అన్నట్టు చూడాలి. ఈ చూపే మీకు అనుమతి. అది రాకుండా దూరం తగ్గించకండి. కొన్ని పిల్లల్లో ఒక్కరోజులో వస్తుంది, కొన్నింటికి వారాలు పడుతుంది. తొందరపడి రెండు అడుగులు దూకితే నాలుగు అడుగులు వెనక్కి పోతారు.

3. ఆ చూపు వరసగా వస్తుంటే అర అడుగు ముందుకు జరగండి. కొత్త దూరంలో మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలు. ఇలా జరుగుతూ గిన్నె పక్కకు చేరాక ముక్కను విసరడం మాని, నిలబడే గిన్నెలోకి జారవిడవండి.

4. వంగడం వేరే మెట్టు. మనం నడుము వంచి మీదికి వాలడం కుక్కపిల్లకు దగ్గరగా నిలబడటం కంటే చాలా పెద్ద విషయం. ముందు కొంచెం వంగి ముక్క వేయండి, తర్వాత ఇంకొంచెం. చెయ్యి గిన్నె అంచుకు చేరేదాకా ఇలాగే. చెయ్యి ఖాళీగా ఎప్పుడూ దిగకూడదు.

5. గిన్నె అంచును ఒక వేలితో తాకి, వెంటనే ముక్క వేసి, లేచి వెళ్లండి. తర్వాత గిన్నెను అంగుళం ఎత్తి, ముక్క వేసి, అక్కడే దించండి. చివరికి గిన్నెను చేతిలోకి తీసుకుని, అందులో మంచి ముక్కలు నాలుగు వేసి తిరిగి ఇవ్వండి. గిన్నె పైకి లేస్తే ఇంకా బాగుపడి తిరిగొస్తుందని పిల్లకు అర్థం కావాలి. ఇది వచ్చేసిందని రోజూ ఎత్తి చూడకండి. వారానికి ఒకటి రెండు సార్లు చాలు. మిగతా భోజనాలు దాన్ని ప్రశాంతంగా తిననివ్వండి. నాకు తెలిసి ఇంట్లో అందరూ మర్చిపోయే మెట్టు ఈ తిననివ్వడమే.

6. ఒక మనిషితో కుదిరిందని అందరితో కుదిరినట్టు కాదు. ఇంట్లో రెండో పెద్దవాళ్లు మొదటి గీత నుంచే మొదలుపెట్టాలి. వాళ్లకు త్వరగానే వస్తుంది, అయినా దగ్గరి నుంచి మొదలుపెట్టకూడదు.

మధ్యలో ఎక్కడైనా పిల్ల బిగుసుకుంటే, వేగం పెంచితే, మీరు తొందరపడ్డారన్నమాట. ముక్కను అక్కడే విసిరి వెళ్లిపోండి. ఈసారి రెండు మెట్లు వెనక నుంచి. "గుర్రుమంటే ముక్క వేస్తే గుర్రుమనడం నేర్పినట్టు కాదా?" అని చాలామంది అడుగుతారు. ఇక్కడ మనం పిల్ల చేసిన పనికి కూలి ఇవ్వడం లేదు, మనిషి రాకకు ఒక అర్థం చెబుతున్నాం. మనిషి వస్తే భయం కలగని పిల్లకు గుర్రుమనే అవసరమే రాదు. అయినా గుర్రు పదేపదే వస్తుంటే, అది మీ మెట్టు ఎత్తు ఎక్కువైందన్న లెక్క.

ఇంటికి కొత్తగా వచ్చిన, ఇంకా ఏ గొడవా చూపించని పిల్లకు ఇంత పొడుగు కసరత్తు అవసరం లేదు. ఖాళీ గిన్నె కింద పెట్టి, చేత్తో గుప్పెడు తిండి వేయండి. అది తిన్నాక ఇంకో గుప్పెడు. చెయ్యి దిగిన ప్రతిసారీ గిన్నె నిండుతుంది. కొన్ని రోజులు ఇలా చేసి, తర్వాత మామూలుగా పెడుతూ, అప్పుడప్పుడూ పక్క నుంచి వెళ్తూ ఒక మంచి ముక్క వేస్తే చాలు. కొత్త మనుషులను, వస్తువులను కుక్కపిల్ల తేలిగ్గా ఒప్పుకునే వయసు సుమారు 3 వారాల నుంచి 12, 14 వారాల దాకా. ఆ రోజుల్లో పెట్టిన ఈ చిన్న పెట్టుబడికి తర్వాత సాటి రాదు. మీ పిల్ల ఆ వయసు దాటిపోయినా కంగారు పడకండి. పద్ధతి అదే, కాస్త ఓపిక ఎక్కువ కావాలి.

బొమ్మలు: ఇచ్చి పుచ్చుకోవడం

గిన్నె కంటే బొమ్మల దగ్గర పని కొంచెం తేడా. ఇక్కడ మనకు నిజంగానే వస్తువు చేతికి రావాలి. అందుకని "వదిలెయ్" అన్న మాట నేర్పుతాం. "ఇచ్చెయ్" అనండి, "డ్రాప్" అనండి, మీ ఇష్టం. ఇంట్లో అందరూ ఒకటే అనాలి, కోపంగా అనకూడదు, ఒక్కసారే అనాలి.

మొదట బొమ్మే వద్దు. పిల్ల నోట్లో ఏమీ లేనప్పుడు మామూలు గొంతుతో "వదిలెయ్" అనండి. ఒక క్షణం ఆగి, నేల మీద నాలుగైదు మంచి ముక్కలు చల్లండి. అది ఏరుకుని తింటుంది. రెండు మూడు రోజులు, రకరకాల గదుల్లో, రోజుకు కొన్నిసార్లు ఇలా చేయండి. మాట వినబడగానే పిల్ల నేలమీద వెతకడం మొదలుపెడితే మాట బుర్రకెక్కినట్టే.

తర్వాత దానికి అంతగా ఇష్టం లేని బొమ్మ నోట్లో ఉన్నప్పుడు అదే మాట అనండి. ఇక్కడ కొద్దిగా దగ్గర నుంచి చూడాల్సిన సంగతి ఉంది. మాట వినగానే పిల్ల దవడ ఒక్కసారిగా తెరుచుకోదు. ముందు నమలడం ఆగుతుంది. చెవులు మీవైపు తిరుగుతాయి. దవడ పట్టు కొంచెం సడలి, బొమ్మ నాలుక మీద వాలుతుంది. కొన్ని పిల్లలు ఈ దశలో బొమ్మను మళ్లీ ఒకసారి గట్టిగా పట్టుకుని చూస్తాయి. అప్పుడు మీ చెయ్యి బొమ్మవైపు కదిలిందా, అంతా పాడవుతుంది. చేతులు మీ దగ్గరే పెట్టుకుని ఆగండి. బొమ్మ కింద పడగానే ముక్కలను దానికి రెండడుగుల దూరంలో చల్లండి. అది అటు వెళ్లి తింటున్నప్పుడు బొమ్మ తీసుకోండి.

తీసుకున్నాక ఏం చేస్తారన్నది అన్నిటికంటే ముఖ్యం. పిల్ల తిని మీవైపు చూడగానే బొమ్మ తిరిగి ఇచ్చేయండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు తిరిగి ఇచ్చేయాలి. "వదిలెయ్" అంటే ముక్కలూ వచ్చాయి, బొమ్మా వచ్చింది. ఇంతకంటే లాభసాటి బేరం దానికి లోకంలో ఉండదు. మీరు వదిలెయ్ అన్నప్పుడల్లా ఆట ముగించి బొమ్మ అలమరాలో పెట్టేస్తే, నాలుగో రోజుకే ఆ మాట వినగానే పిల్ల మంచం కిందికి పారిపోతుంది.

ఇది బాగా వచ్చాక ఒక్కో మెట్టు ఇంకాస్త ఇష్టమైన వస్తువు మీదికి వెళ్లండి. దాని ప్రాణమంతా పెట్టుకున్న బొమ్మో ఎముకో ఆఖరికి రావాలి. అలాంటి వాటికి మీ చేతిలో ఉండే ముక్క కూడా ఆ స్థాయిదే కావాలి. ఎక్కువసేపు నమిలే వస్తువులైతే మీరు ఒక చివర పట్టుకుని, రెండో చివర దాన్ని నమలనివ్వండి. మీ చెయ్యి దగ్గరుంటే నమలడం ఇంకా సుఖంగా ఉంటుందని దానికి తెలుస్తుంది. ఇప్పటికే ఎముక మీద బిగుసుకునే పిల్లతో మాత్రం ఇది చేయకండి, ముందు దూరం నుంచి ముక్కలు విసిరే పద్ధతే.

తాడు లాగే ఆట ఆడితే కుక్క మొండిదవుతుందని భయపడక్కర్లేదు. మధ్యమధ్య లాగడం ఆపి, చెయ్యి కదపకుండా "వదిలెయ్" అని, వదలగానే మళ్లీ ఆట మొదలుపెడితే "వదిలెయ్" నేర్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఆటే బహుమానం, ముక్కలు కూడా అక్కర్లేదు.

4 నెలలు దాటుతుంటే ఈ పని కొంచెం కష్టంగా అనిపించొచ్చు. అప్పుడు 28 పాలపళ్లు ఊడి 42 పళ్లు వస్తుంటాయి, 6, 7 నెలల దాకా ఇది నడుస్తుంది. చిగుళ్ల సలుపుకు నమలాలనిపిస్తుంది, నమిలేది వదలబుద్ధి కాదు. ఆ నెలల్లో నమిలే వస్తువులు తక్కువ పెట్టి బెట్టు చేయకండి. ఎక్కువ పెట్టండి. ఇల్లంతా నమిలేవి ఉంటే ఒకదాన్ని కాపాడుకోవాలన్న ఆత్రం తగ్గుతుంది.

దొంగిలించినప్పుడు

మేజోడు నోట కరుచుకుని పరుగెత్తే పిల్ల వెంట అరుస్తూ పడితే మూడింట్లో ఒకటి జరుగుతుంది. అది ఆట అనుకుంటుంది, లేదా మూలకు పోయి కాపలా కాస్తుంది. మూడోది ఇంకా ప్రమాదం: లాక్కుంటారన్న భయంతో మింగేస్తుంది. పేగుల్లో ఇరుక్కున్న గుడ్డపీలికలు తీయడానికి ఆపరేషన్లు చేయాల్సి వస్తుంది.

దానికి ప్రమాదం లేనిదైతే పట్టించుకోకండి. ఎవరూ చూడని వస్తువు మీద మోజు త్వరగా పోతుంది. తీసుకోవాల్సిందే అయితే దాని వెంట వెళ్లకుండా మీరే వేరే దిక్కుకు నడవండి. ఫ్రిజ్ తలుపు తీయండి, తిండి డబ్బా చప్పుడు చేయండి, బయటికి తీసుకెళ్లే పట్టీ చేతిలోకి తీసుకోండి. అది ఆ వస్తువు వదిలి మీ దగ్గరికి రాగానే మెచ్చుకుని ముక్కలు చల్లి, వెళ్లి వస్తువు తీసుకోండి. మీరు నేర్పిన "వదిలెయ్" అప్పటికే బాగా వచ్చి ఉంటే అదే వాడండి. ఇంకా సగం సగమే వచ్చి ఉంటే ఇలాంటి చోట వాడి దాని విలువ పోగొట్టకండి.

మాత్రలు, బటన్ బ్యాటరీలు, సూదుల్లాంటివి నోట్లో ఉంటే మాత్రం లెక్క వేరు. గుప్పెడు మంచి తిండి కింద పోసి వదిలించే ప్రయత్నం చేయండి. మింగేస్తే సొంత వైద్యం చేసి వాంతి చేయించకండి. బ్యాటరీలాంటివి పైకి వచ్చేటప్పుడు కూడా గొంతును కాలుస్తాయి. వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేసి, చెప్పినట్టు చేయండి.

పిల్లలు, రెండో కుక్క, సోఫా

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ శిక్షణలో వాళ్లకు పని పెట్టకండి. కుక్కపిల్ల తినేటప్పుడు, నమిలేటప్పుడు, నిద్రపోయేటప్పుడు దాని జోలికి వెళ్లకూడదన్న ఒక్క నియమం వాళ్లకు నేర్పండి. నేర్పినా వాళ్ల మీద వదిలేయకండి, మధ్యలో గేటో తలుపో ఉండాలి. చిన్నపిల్లల ముఖం, కుక్క మూతి ఒకే ఎత్తులో ఉంటాయి. అందుకే కాటు పడితే ముఖం మీద పడుతుంది. కాస్త పెద్ద పిల్లలైతే, పెద్దవాళ్లు పక్కన నిలబడి చూస్తుండగా, గేటు అవతల నుంచి ముక్కలు విసరొచ్చు.

రెండు కుక్కలుంటే విడివిడి గదుల్లో పెట్టండి. "కలిసి తినడం నేర్చుకోవాలి" అన్న పట్టుదలతో లాభం లేదు. తినడం అయ్యాక గిన్నెలు తీసేశాకే తలుపు తీయండి. పెద్ద కుక్క తన ఎముక దగ్గరికి వచ్చిన పిల్లను చూసి ఒకసారి గుర్రుమనడం, పిల్ల వెనక్కి తగ్గడం మామూలు సంభాషణే, మీరు దూరకండి. పిల్ల తగ్గకపోతే పిల్లను పక్కకు పిలవండి.

సోఫా మీదో మంచం మీదో ఎక్కి దిగనని గుర్రుమంటే మెడపట్టీ పట్టుకుని లాగొద్దు. నేల మీద ముక్క విసిరి "దిగు" అనండి. దిగాక ఇంకోటి ఇవ్వండి. ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కడం, దిగడం ఆటలా నేర్పండి. ఒక మనిషి ఒళ్లో కూర్చుని మిగతావాళ్ల మీద గుర్రుమంటే, ఆ మనిషి ఏమీ అనకుండా లేచి నిలబడాలి. కాసేపయ్యాక, రెండో మనిషి దూరం నుంచి రావడం, ముక్క పడటం, వెళ్లిపోవడం. గిన్నె దగ్గర చేసిన పనే.

మీ చేతిలో లేనప్పుడు

కాటు రక్తం వచ్చేలా పడినా, పిల్ల మీరు గదిలోకి రాగానే బిగుసుకుంటున్నా, దేన్ని కాపాడుకుంటుందో అంచనాకు అందకపోయినా, ఇంట్లో చిన్నపిల్లలను వేరుగా ఉంచడం కుదరకపోయినా సొంతంగా ప్రయత్నం చేయకండి. పశువైద్యుడిని అడిగి కుక్కల ప్రవర్తన మీద పనిచేసేవాళ్లను వెతకండి. వచ్చినవాళ్లు ముందుగా పిల్లను వెల్లకిలా నొక్కి పట్టుకోమన్నా, గొలుసు బిగించి లాగమన్నా వాళ్లకు దండం పెట్టి పంపేయండి. దాన్ని బెదిరించకుండా, దూరం నుంచి మొదలుపెట్టేవాళ్లు కావాలి.

చిన్న పంటిగాటు పడినా చర్మం తెగితే వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రేబిస్ టీకా కావాలో లేదో ఆయన చెబుతారు. మన ఇంటి పిల్లే కదా అని ఊరుకోవద్దు. కుక్కపిల్ల టీకాల కాగితం కూడా తీసుకెళ్లండి.

ఆ తర్వాత

గిన్నె ఎత్తినా తోక ఊపే దశ వచ్చాక కూడా నెలకు కొన్నిసార్లు ఈ ముక్కల బేరం జరుగుతూ ఉండాలి. 6 నెలలు దాటి ఈడు వచ్చేటప్పుడు చాలా పిల్లలు పాత అలవాట్లను ఒకసారి బయటికి తీస్తాయి. ఇల్లు మారినప్పుడు, చుట్టాలు దిగినప్పుడు, కొత్త కుక్క వచ్చినప్పుడు, ఎన్నడూ తినని ఎముక మొదటిసారి దొరికినప్పుడు కూడా పాత చూపు కనబడొచ్చు. నేర్పిందంతా పోయిందని బెంగపడకండి. ఆ పూటకు గిన్నెను పాత మూలకు జరిపి, చుట్టాలను అటు వెళ్లనివ్వకుండా, నాలుగు అడుగుల దూరం నుంచి ఒక ముక్క విసిరి వచ్చేయండి. రేపటికి ఒక అడుగు దగ్గర నుంచి చూడొచ్చు.